పరీక్ష నెగ్గిన సంయుక్త సంఖ్య: 3215031751 కేస్ స్టడీ

2^32 లోపు ప్రధాన సంఖ్యలు 203280221 ఉన్నాయి. ఎప్పుడో తేలిపోయిన లెక్క ఇది, ఎవరు చేసినా ఇంతే రావాలి. మాకు రివ్యూకి వచ్చిన ఒక లైబ్రరీలో, సంఖ్య ప్రధానమా కాదా అని చెప్పే ఫంక్షన్‌ని 0 నుంచి 4294967295 దాకా ప్రతి సంఖ్య మీదా నడిపితే 203280222 వచ్చింది. ఒక్కటి ఎక్కువ.

ఒక్కటి తేడా అనగానే ఎవరికైనా హద్దుల మీదే అనుమానం పోతుంది. 1ని కూడా ప్రధాన సంఖ్యగా లెక్కేశారా, లూప్ చివర్లో ఒక అడుగు ఎక్కువ వేసిందా, 2ని రెండుసార్లు లెక్కపెట్టారా... అవన్నీ సరిగ్గానే ఉన్నాయి. అందుకని ఎరటోస్తనీస్ జల్లెడతో (ప్రతి ప్రధాన సంఖ్య గుణిజాలనీ కొట్టేస్తూ పోయే పద్ధతి) ఇంకో జాబితా తయారుచేసి, రెండింటినీ ముక్కలుముక్కలుగా పోల్చాం. బేసి సంఖ్యలకి మాత్రమే ఒక్కో బిట్ కేటాయిస్తే జల్లెడకి 256 ఎంబీ చాలు, పెద్ద పనేం కాదు. నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల పైచిలుకు సంఖ్యల్లో రెండు జాబితాలూ విభేదించింది ఒకే ఒక్కచోట: 3215031751.

చూడ్డానికి ఇందులో ప్రత్యేకత ఏమీ లేదు. బేసి సంఖ్య, చివరి అంకె 1, అంకెల మొత్తం 28 కాబట్టి 3తో పోదు. 5, 7, 11, 13 దేనితోనూ పోదు. 100 లోపు ఉన్న 25 ప్రధాన సంఖ్యల్లో ఒక్కటి కూడా దీన్ని భాగించదు. 36వ ప్రధాన సంఖ్య 151 దగ్గరికి వచ్చేసరికి గుట్టు బయటపడుతుంది:

3215031751 = 151 × 751 × 28351

లైబ్రరీ రాసినవాళ్లు ముందు 100 లోపు ప్రధాన సంఖ్యలతో భాగించి చూసి, ఆ తర్వాత మిల్లర్–రాబిన్ పరీక్షని 2, 3, 5, 7 అనే నాలుగు బేస్‌లతో (బేస్ అంటే ఘాతానికి పెంచి చూసే సంఖ్య) చేస్తున్నారు. భాగహారం 200 దాకా పెట్టి ఉంటే ఈ తేడా ఎప్పటికీ కనిపించేది కాదు, ఈ కేస్ స్టడీ కూడా ఉండేది కాదు.

పరీక్ష ఏం అడుగుతుందో ముందు చూద్దాం. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం, ఎన్ ప్రధాన సంఖ్య అయితే, దానితో భాగింపబడని ఏ బేస్‌ని తీసుకున్నా (ఎన్ − 1) ఘాతానికి పెంచి ఎన్‌తో భాగిస్తే శేషం 1 రావాలి. రాకపోతే అది కచ్చితంగా సంయుక్త సంఖ్య. వస్తే మాత్రం ఏమీ తేలినట్టు కాదు. 1976లో గ్యారీ మిల్లర్, 1980లో మైకేల్ రాబిన్ రూపం ఇచ్చిన పరీక్ష ఇంకొంచెం లోతుకి వెళుతుంది. (ఎన్ − 1)లో ఉన్న 2లన్నీ తీసేసి, మిగిలిన బేసి ఘాతంతో మొదలుపెట్టి, వర్గం చేసుకుంటూ పైకి వస్తుంది. ఎన్ ప్రధాన సంఖ్య అయితే, ఎన్‌తో భాగిస్తే వచ్చే శేషాల్లో 1 యొక్క వర్గమూలాలు రెండే: ప్లస్ 1, మైనస్ 1 (అంటే ఎన్ − 1). దారిలో 1 వచ్చి, దాని ముందు ఈ రెండూ కాని ఇంకేదో ఉంటే దొంగ దొరికినట్టే.

మన సంఖ్య నుంచి 1 తీసేస్తే 3215031750. ఇందులో 2 ఒక్కసారే ఉంది. సగం చేయగానే 1607515875, బేసి. అంటే వర్గం చేసుకుంటూ పైకి వెళ్లే మెట్లే లేవు, పరీక్ష మొత్తం ఒక్క ప్రశ్నకి కుదించుకుపోతుంది: బేస్‌ని 1607515875 ఘాతానికి పెంచితే శేషం ప్లస్ 1 లేదా మైనస్ 1 వచ్చిందా? 2కి ప్లస్ 1 వచ్చింది. 3కి మైనస్ 1. 5కి ప్లస్ 1. 7కి మైనస్ 1. నాలుగింటికి నాలుగూ పాస్.

యాదృచ్ఛికం అనిపిస్తుంది కానీ కాదు. దీని లోపలి కట్టడం చూస్తే ఎందుకు పాస్ అయిందో కాగితం మీదే తేల్చవచ్చు.

మొదటి సంగతి, ఇది కార్మైకేల్ సంఖ్య. 1899లో కోర్సెల్ట్ చెప్పిన షరతు ఇది: సంయుక్త సంఖ్యలో ఏ ప్రధాన కారణాంకమూ రెండుసార్లు రాకూడదు, ప్రతి ప్రధాన కారణాంకం నుంచి 1 తీసేస్తే మిగిలేది (ఎన్ − 1)ని నిశ్శేషంగా భాగించాలి. అలాంటి సంఖ్య, తనతో ఉమ్మడి కారణాంకం లేని ప్రతి బేస్‌కీ ఫెర్మా పరీక్ష నెగ్గేస్తుంది. 1910లో కార్మైకేల్ చూపించిన 561 వీటిలో అన్నిటికన్నా చిన్నది. మన సంఖ్యకి సరిచూద్దాం:

3215031750 = 150 × 21433545
3215031750 = 750 × 4286709
3215031750 = 28350 × 113405

మూడూ నిశ్శేషం. కాబట్టి ఫెర్మా పరీక్ష దీని దగ్గర దాదాపు పనికిరాదు. మూడు కారణాంకాల్లో దేనితోనూ భాగింపబడని బేస్‌లు 150 × 750 × 28350 = 3189375000 ఉన్నాయి, అంటే మొత్తం బేస్‌లలో 99.2 శాతం. అవన్నీ దీన్ని ప్రధాన సంఖ్య అనే చెబుతాయి.

రెండో సంగతి ఇంకా ఆసక్తికరం. పై మూడు వరుసల్లో కుడివైపు ఉన్న 21433545, 4286709, 113405 మూడూ బేసి సంఖ్యలే. 151, 751, 28351 మూడింటినీ 4తో భాగిస్తే శేషం 3 రావడమే దీనికి కారణం. దీనివల్ల ఏం జరుగుతుందంటే, ఒక బేస్‌ని 1607515875 ఘాతానికి పెంచి 151తో భాగించినప్పుడు వచ్చే శేషం, 75 ఘాతానికి పెంచినప్పుడు వచ్చే శేషమే. 75 అంటే 150లో సగం. ఆయిలర్ సూత్రం ప్రకారం ఆ శేషం ప్లస్ 1 అయితే బేస్ 151కి వర్గ శేషం (అంటే ఏదో ఒక వర్గాన్ని 151తో భాగిస్తే వచ్చే శేషం), మైనస్ 1 అయితే కాదు. 751కీ, 28351కీ ఇదే కథ. అంటే మిల్లర్–రాబిన్ పరీక్ష ఇక్కడ అడిగేది ఇంతే: మూడు ప్రధాన సంఖ్యల దగ్గరా బేస్‌కి ఒకే గుర్తు వస్తోందా? మూడూ ప్లస్ అయినా పాసే, మూడూ మైనస్ అయినా పాసే. కలగలిసి వస్తే ఫెయిల్.

ఇప్పుడు ఒక్కో బేస్ తీసుకుందాం. 2 ఒక ప్రధాన సంఖ్యకి వర్గ శేషం అవుతుందా లేదా అన్నది ఆ ప్రధాన సంఖ్యని 8తో భాగిస్తే వచ్చే శేషం మీద ఆధారపడుతుంది. 151, 751, 28351 మూడింటికీ 8తో శేషం 7. కాబట్టి మూడు చోట్లా ప్లస్. 3కి చూడాల్సింది 12తో వచ్చే శేషం, అది మూడింటికీ 7, కాబట్టి మూడు చోట్లా మైనస్. 5కి 5తో వచ్చే శేషం, మూడింటికీ 1, మూడు చోట్లా ప్లస్. 7 దగ్గర మాత్రం శేషాలు ఒకేలా లేవు. 28తో భాగిస్తే 11, 23, 15 వస్తాయి. కానీ 7 వర్గ శేషం కావాలంటే 1, 3, 9, 19, 25, 27లో ఏదో ఒకటి రావాలి. మూడింటికీ రాలేదు, మూడు చోట్లా మైనస్. ఈ శేషాల నియమాల వెనక ఉన్న, గాస్ నిరూపించిన క్వాడ్రాటిక్ రెసిప్రాసిటీ అన్న గొప్ప సిద్ధాంతాన్ని ఒక బగ్ రిపోర్ట్‌లో వాడాల్సి రావడం నాకు భలే నచ్చింది.

దీన్నుంచి వెంటనే ఒక ఉపయోగం ఉంది. రివ్యూలో ఒకరు "బేస్‌లు ఇంకో రెండు పెంచుదాం, 6, 10 వేస్తే సరిపోతుంది కదా" అన్నారు. సరిపోదు. గుర్తులు గుణించుకుంటూ పోతాయి. 2కి మూడు చోట్లా ప్లస్, 3కి మూడు చోట్లా మైనస్ కాబట్టి 6కి మూడు చోట్లా మైనస్సే వస్తుంది. 10కి మూడు చోట్లా ప్లస్. 2, 3, 5, 7 గుణకారాలతో వచ్చే ఏ బేస్ అయినా ఈ సంఖ్య దగ్గర ఓడిపోవాల్సిందే. 4, 6, 8, 9, 10 ఏవి కలిపినా సమయం వృథా, అదనపు భద్రత సున్నా.

మొదటిసారి పట్టుకునే బేస్ 11. 39 వర్గం 1521, అది 151 × 10 + 11. అంటే 151 దగ్గర 11 వర్గ శేషమే, గుర్తు ప్లస్. 751 దగ్గర, 28351 దగ్గర మైనస్. గుర్తులు కలగలిశాయి. 11ని 1607515875 ఘాతానికి పెంచి మన సంఖ్యతో భాగిస్తే శేషం 2129160099 వస్తుంది. ఇది ప్లస్ 1 కాదు, మైనస్ 1 కాదు, అయినా దీన్ని వర్గం చేసి భాగిస్తే శేషం 1. ప్రధాన సంఖ్య దగ్గర ఇలా జరగదు.

ఇంకా బాగున్నది ఏమిటంటే, ఆ శేషం కారణాంకాలని కూడా చేతికిస్తుంది. దానిలోంచి 1 తీసేస్తే 2129160098 = 151 × 14100398. 1 కలిపితే 2129160100 = 100 × 21291601, ఆ 21291601 అంటే 751 × 28351. మన సంఖ్యతో గ.సా.భా. తీస్తే ఒకవైపు 151, ఇంకోవైపు 21291601 విడిపోతాయి. మిల్లర్–రాబిన్ పరీక్ష మామూలుగా "సంయుక్తం" అని చెప్పి ఊరుకుంటుంది, కారణాంకాలు ఇవ్వదు అంటారు. కార్మైకేల్ సంఖ్యల దగ్గర మాత్రం పట్టుకున్న బేస్ కారణాంకాన్ని కూడా బయటపెడుతుంది.

బేస్‌లని ముందే ఖాయం చేయకుండా యాదృచ్ఛికంగా తీసుకుంటే? మూడు ప్రధాన సంఖ్యలు, ఒక్కోదానికి రెండు గుర్తులు, మొత్తం 8 అమరికలు. అందులో మూడూ ఒకటయ్యేవి 2. అంటే 3189375000లో సరిగ్గా నాలుగో వంతు, 797343750 బేస్‌లు ఈ సంఖ్యని ప్రధానం అని అబద్ధం చెబుతాయి. మొత్తం మీద 24.8 శాతం. సంయుక్త సంఖ్య ఏదైనా సరే అబద్ధం చెప్పే బేస్‌లు నాలుగో వంతుకి మించవన్నది రాబిన్ ఇచ్చిన హామీ. మామూలు సంఖ్యలకి అసలు శాతం దీనికన్నా ఎంతో తక్కువ ఉంటుంది. మనది ఆ హామీ చివరి గీత దాకా వచ్చి నిలబడ్డ సంఖ్య. నాలుగు యాదృచ్ఛిక బేస్‌లతో పరీక్షిస్తే ఇది తప్పించుకునే అవకాశం దాదాపు 0.38 శాతం. కోడ్‌లో నాలుగు బేస్‌లు చూడగానే "వెయ్యిలో ఒకటి కూడా తప్పదు" అనుకునేవాళ్లు ఈ ఒక్క సంఖ్యని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇంకో కోణం నుంచి చూద్దాం. 28350ని క అనుకుంటే, 28351 అంటే క + 1. మిగతా రెండు కారణాంకాల లబ్ధం 151 × 751 = 113401, అది 4క + 1. అంటే మన సంఖ్య (క + 1) × (4క + 1). ఈ ఆకారం ఉన్న సంఖ్యలు నకిలీ ప్రధాన సంఖ్యల జాబితాల్లో పదేపదే కనిపిస్తాయి. లబ్ధంలోంచి 1 తీసేస్తే క × (4క + 5) వస్తుంది, అంటే కోర్సెల్ట్ షరతులో ఒక భాగం ఉచితంగా తీరిపోతుంది.

ఒక్కో బేస్ పెంచుకుంటూ పోతే, అన్నిటినీ మోసం చేసే అతి చిన్న సంఖ్యలు ఇవి: 2 ఒక్కదానికి 2047, 2, 3లకి 1373653, 2, 3, 5లకి 25326001, 2, 3, 5, 7లకి 3215031751. మొదటిది 23 × 89. 22కి నాలుగు రెట్లు 88. రెండోది 829 × 1657. 828కి రెండు రెట్లు 1656. మూడోది 2251 × 11251. 2250కి ఐదు రెట్లు 11250. నాలుగోది మనది. ఎన్ని రెట్లన్నది మారినా నాలుగూ ఒకే అచ్చు. దీన్ని పరీక్షించడం కూడా తేలికే: (క + 1)(4క + 1) ఆకారం అయితే సంఖ్యని 16తో గుణించి 9 కలిపితే పూర్ణ వర్గం రావాలి. మనకి 51440508025 వస్తుంది, అది 226805 వర్గం. 2047కి 32761, అది 181 వర్గం. ఒక్క వర్గమూలం తీసి చూస్తే పట్టుబడిపోయే సంఖ్యని నాలుగు ఘాతాల లెక్కలు వదిలేశాయి.

ఐదో బేస్‌గా 11 కలిపితే హద్దు ఒక్కసారిగా 2152302898747కి జరుగుతుంది. అక్కడ ఆకారం మారుతుంది: 6763 × 10627 × 29947. ఒక్కోదాన్నుంచి 1 తీస్తే మిగిలేవి 966కి 7, 11, 31 రెట్లు. ఇక్కడ కూడా మూడింటికీ 4తో శేషం 3.

మిగతా గుణాలు త్వరగా చెప్పేస్తాను. దీనికి భాజకాలు 8: 1, 151, 751, 28351, 113401, 4281001, 21291601, చివరికి తను. మొత్తం 3240747008, కాబట్టి పరిపూర్ణ సంఖ్యకి చాలా దూరం. 8తో శేషం 7 కాబట్టి దీన్ని రెండు వర్గాల మొత్తంగానే కాదు, మూడు వర్గాల మొత్తంగా కూడా రాయలేం. కచ్చితంగా నాలుగు కావాలి. 150, 750, 28350ల క.సా.గు. 141750. ఉమ్మడి కారణాంకం లేని ఏ బేస్ ఘాతాలైనా 141750 అడుగులకల్లా మళ్లీ 1 దగ్గరికి వచ్చి తీరతాయి. మూడు వందల కోట్లు దాటిన సంఖ్యకి ఇది చాలా చిన్న చక్రం.

ప్రోగ్రామర్లకి మాత్రం ఇంకో రెండు అంకెలు ముఖ్యం. ఒకటి 2147483647. సంకేతం ఉన్న 32 బిట్ పూర్ణాంకంలో పట్టే అతి పెద్ద సంఖ్య అది. మన సంఖ్య అంతకన్నా పెద్దది, అలాంటి డబ్బాలో పెడితే −1079935545గా కనిపిస్తుంది. అంటే సంకేతం ఉన్న 32 బిట్లు వాడే కోడ్‌లో 2, 3, 5, 7 నూటికి నూరుపాళ్లు సరైన పరీక్షే. అక్కడ పనిచేసిన కోడ్‌ని సంకేతం లేని 32 బిట్లకి మార్చేటప్పుడు ఈ రంధ్రం తెరుచుకుంటుంది. మేం చూసిన లైబ్రరీలో జరిగింది సరిగ్గా ఇదే. పాత వెర్షన్‌లో బేస్‌లు ఇవే, రకం మాత్రం వేరు.

రెండోది 3037000499. సంకేతం ఉన్న 64 బిట్లలో పొంగిపోకుండా వర్గం చేయగల అతి పెద్ద సంఖ్య. మన సంఖ్య దీన్ని కూడా దాటుతుంది. కాబట్టి గుణకారాలకి సంకేతం ఉన్న 64 బిట్లు వాడితే మధ్యలో వచ్చే శేషాల్లో కొన్ని ఓవర్‌ఫ్లో అయ్యి, లెక్క చెడిపోయి, చెత్త శేషం వల్ల "సంయుక్తం" అనే జవాబు రావచ్చు. జవాబు ఒప్పు, దారి తప్పు. ఈ సంఖ్య ఒక్కదానితోనే టెస్ట్ రాసి పాస్ అయింది కదా అని వదిలేస్తే అసలు బగ్ దాని వెనకాల దాక్కుంటుంది. ఇదే పరిధిలో ఉన్న నిజమైన ప్రధాన సంఖ్యలని, ఉదాహరణకి 2^32 లోపు అన్నిటికన్నా పెద్దదైన 4294967291ని కూడా టెస్ట్‌లో పెట్టాలి. అప్పుడు ఓవర్‌ఫ్లో ఉంటే ప్రధాన సంఖ్యని సంయుక్తం అనేసి దొరికిపోతుంది.

సరిదిద్దే దారులు చాలానే ఉన్నాయి. 1980లో పోమరెన్స్, సెల్ఫ్రిడ్జ్, వాగ్‌స్టాఫ్ 2500 కోట్ల దాకా వెతికారు. ఆ పరిధిలో బేస్ 2కి ఫెర్మా పరీక్ష నెగ్గిన సంయుక్త సంఖ్యలు 21853, బలమైన పరీక్ష, అంటే మిల్లర్–రాబిన్, నెగ్గినవి 4842, 2, 3, 5 మూడూ నెగ్గినవి 13, 7 కూడా నెగ్గింది మన సంఖ్య ఒక్కటే. అంటే 2500 కోట్ల దాకా "ఇది 3215031751 అయితే కాదు అని చెప్పు" అని ఒక్క వరుస రాస్తే గణితపరంగా పరీక్ష సంపూర్ణం. అలా రాసిన కోడ్‌లు ఉన్నాయి. తప్పేం లేదు కానీ నాకు నచ్చదు. ఎందుకో తెలియని పెద్ద అంకె కోడ్‌లో కనిపిస్తే రేపు ఎవరో ఒకరు శుభ్రం చేస్తున్నాననుకుని తీసేస్తారు.

మేం ఎంచుకున్నది 2, 7, 61. 1993లో జేష్కే ఈ మూడు బేస్‌లు 4759123141 దాకా ఒక్క తప్పూ చేయవని చూపించాడు. 32 బిట్ల పరిధి అంతకన్నా తక్కువే. నాలుగు బేస్‌ల బదులు మూడు, పైగా తప్పులేదు. మన సంఖ్యని 7 దాకా ఎవరూ పట్టుకోరు, 61 పట్టుకుంటుంది: 151 దగ్గర దాని గుర్తు మైనస్, మిగతా రెండు చోట్లా ప్లస్. ఆ హద్దు సంఖ్య 4759123141 కూడా 48781 × 97561. 48780కి రెండు రెట్లు 97560, మళ్లీ అదే అచ్చు!

64 బిట్ల ఫంక్షన్‌కి 37 దాకా ఉన్న 12 ప్రధాన సంఖ్యలని బేస్‌లుగా పెట్టాం. వాటి హద్దు 318665857834031151167461, 2^64కి ఎంతో పైన. మిల్లర్–రాబిన్‌కి ఇంకో రకం పరీక్షని జోడించే బెయిలీ–పీఎస్‌డబ్ల్యూ పరీక్ష కూడా పెట్టవచ్చు, 2^64 లోపు దానికి మినహాయింపు లేదని తేలింది. వేగం కావాలంటే అది మంచిది, చదవడానికి తేలిక కావాలంటే 12 బేస్‌లు మంచివి.

అంతకన్నా పెద్ద సంఖ్యలకి, ముఖ్యంగా ఆ సంఖ్యలు బయటివాళ్లు పంపేవైతే, ఖాయం చేసిన బేస్‌లు వాడనివ్వలేదు. 1995లో ఆర్నో 397 అంకెల కార్మైకేల్ సంఖ్యని నిర్మించి చూపించాడు. 307 కన్నా చిన్న ప్రధాన సంఖ్యలన్నీ దాన్ని ప్రధానమనే అంటాయి. అతని పద్ధతి మనం పైన చూసిందే: 4తో శేషం 3 వచ్చే ప్రధాన సంఖ్యలు తీసుకుని, ఒకదాన్నుంచి 1 తీసేస్తే వచ్చేదానికి మిగతావి రెట్లుగా ఉండేలా అమర్చి, కావలసిన బేస్‌లన్నిటికీ గుర్తులు ఒకటయ్యేలా చూసుకోవడం. మన సంఖ్య దానంతట అది దొరికింది, ఆర్నోది కావాలని కట్టింది. అందుకే ఆ ఫంక్షన్‌లో ప్రతిసారీ కొత్తగా యాదృచ్ఛిక బేస్‌లు తీసుకుంటున్నాం, సంఖ్య ఎలా కట్టినదైనా ఒక్కో బేస్‌కి నాలుగో వంతు హామీ ఉంటుంది కాబట్టి 40 బేస్‌లు పెట్టాం. టెస్ట్ ఫైల్‌లో 2047, 1373653, 25326001, 3215031751, 4759123141, 2152302898747 వరుసగా ఉన్నాయి, ఒక్కోదాని పక్కనే కామెంట్‌లో దాని కారణాంకాలూ, అది ఏ బేస్‌లని మోసం చేస్తుందన్నదీ రాసి పెట్టాం.